రెండో క్యాసెట్టు

"ఇంకోసారి వేశావంటే ఆ క్యాసెట్టు కిటికీలోంచి విసిరేస్తాను అన్నయ్యా, చెప్తున్నా!" అంది సెరీనా.

"విసిరెయ్. ఆదివారం చర్చిలో నాన్న బదులు నువ్వు వాయిద్దువుగాని," అన్నాడు జెరెమియా రివైండ్ నొక్కుతూ.

పొద్దుట్నుంచీ ఇద్దరికీ ఇదే రభస. వాళ్ల నాన్న చిన్నప్ప మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. ఊళ్లో సగం మందికి పియానో నేర్పిన మనిషి. ఆదివారం సంస్మరణ సభలో ఆయన వాయించిన సొనాటాని సీడీ చేసి, అట్ట మీద ఆయన ఫొటో వేసి పంచాలని పిల్లల సంకల్పం. బీరువాలో రెండు క్యాసెట్లు దొరికాయి. రెండింట్లోనూ అదే సొనాటా. ఎప్పటిదో జర్మన్ విద్వాంసుడు పియానో కోసం రాసిన మూడు భాగాల రచన. రెండింట్లో ఏది సీడీకెక్కాలన్నదే తగువు. సాయంత్రానికల్లా పంజగుట్ట స్టూడియోలో ఇచ్చెయ్యాలి.

మైత్రీవనం కోచింగ్ సెంటర్లో జావా పాఠాలు చెప్పే జెరెమియా తన కంప్యూటర్ని పియానో మూత మీదే పెట్టుకున్నాడు. తల్లి సుమిత్ర పెళ్లయిన కొత్తలో బందరులోని ఆమె పుట్టింటి నుంచి లారీలో వచ్చిన పియానో అది. ఇప్పుడు దానికి టేబులు ఉద్యోగం.

"మొదటిది విను. ఒక్క తప్పుందా? ఒక్కచోట తొట్రుపాటుందా? అదీ నాన్నంటే," అంది సెరీనా.

"అది పాఠం. పిల్లలకి చెప్పినట్టు వాయించాడు. సంగీతం రెండోదాంట్లో ఉంది."

"సంగీతమా? ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టుంది."

"అదే కావాలి! నాన్నలో అంత మంట ఉందని ఎవరికి తెలుసు? మనం స్కూలుకి పోయినప్పుడు రికార్డు చేసినట్టున్నాడు. లోకానికి తెలియాలా వద్దా?"

అతను ప్లే నొక్కాడు. రెండో క్యాసెట్టు గదంతా నిండింది. మొదటి భాగం విరుచుకుపడింది. రెండో భాగం నెమ్మదిగా, గొంతు పట్టేసినట్టు నడిచింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న సుమిత్ర కత్తి ఆగిపోయింది. పోయినాయన గుర్తొచ్చాడు కాబోలు అనుకుంది సెరీనా.

మూడో భాగం మంచి ఊపులో ఉండగా టేపులో కుక్కర్ కూసింది. పియానో ఆగలేదు. రెండోసారి కూసింది. వేళ్లు ఇంకా వేగం అందుకున్నాయి. మూడోసారి కూయగానే పియానో ఠక్కున ఆగింది. స్టూలు జరిగిన చప్పుడు, గబగబా అడుగులు, ఆ తర్వాత ఒట్టి బర్రుమనే టేపు.

"ఛ! పాడైపోయింది!" పియానో మూత మీద గుద్దాడు జెరెమియా. "ఇంకొక్క నిమిషం వాయిస్తే అయిపోయేది!"

ఫోను మోగింది. స్టూడియో దుర్గేష్.

"అన్నా, జల్దీ తే. కుక్కర్ సప్పుడు సుత సాఫ్ చేస్త, ఫికర్ చెయ్యకు. గని సగంల ఆగినదాన్ని ఏడికెళ్లి తెచ్చి అతికియ్యాలె?"

"మొదటి క్యాసెట్లోంచి చివర తీసి అతికించు."

"రెండూ కల్వవన్నా. నిన్న నువ్వు తెస్తె నేను విన్న కద! ఒక్క మనిషి వాయించినట్టే లేదు."

"నీ పని నువ్వు చూసుకో!" అని జెరెమియా ఫోను పెట్టేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ కోపమంతా వంటింటి మీదికి మళ్లింది.

"అమ్మా! ఆ రోజు ఆ స్టవ్ ఆపితే నీ సొమ్మేం పోయేది? ఆయన రికార్డింగు చేసుకుంటున్నాడని తెలీదా?"

సుమిత్ర కుక్కర్ కింద మంట పెంచింది.

"నాన్న ఎప్పుడూ అదేగా మొత్తుకునేవాడు," సెరీనా కూడా అందుకుంది. తల్లిని అనేటప్పటికి అన్నాచెల్లెళ్లు ఏకమయ్యారు. "స్టూలు మీంచి కదలకుండానే 'సుమిత్రా, కుక్కర్!' అని అరిచేవాడు. నువ్వు పరిగెత్తేదానివి."

"ఆ రోజు పాపం అరవను కూడా లేదు. టేపు పాడవుతుందని నోరు మూసుకున్నాడు. ఆఖరికి కోపం పట్టలేక విసురుగా లేచి వెళ్లిపోయాడు. జీవితంలో ఒక్కసారి అంత గొప్పగా వాయిస్తే, పప్పు కోసం పాడు చేశావు! ఇదే రాయిస్తాను అట్ట మీద. 'మాస్టారి సొనాటాని వంటిల్లు మింగేసింది' అని."

"అలా రాయిస్తావా?" అంది సుమిత్ర లోపల్నుంచి.

"రాయిస్తాను! నలుగురికీ తెలియాలి!"

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది.

"అమ్మా, కుక్కర్!" కుర్చీలోంచి కదలకుండానే అరిచాడు జెరెమియా.

సుమిత్ర స్టవ్ ఆపింది. చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. ఆమెని అంత కోపంగా పిల్లలెప్పుడూ చూడలేదు. పియానో మూత మీది కంప్యూటర్ని చూసింది, కొడుకుని చూసింది.

"ఆ చివరి ముక్క మళ్లీ వెయ్యి."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"వెయ్యమన్నానా!"

జెరెమియా గతుక్కుమని ప్లే నొక్కాడు. కుక్కర్ కూసింది. మళ్లీ కూసింది. మూడోసారి కూయగానే పియానో ఆగింది. స్టూలు జరిగింది. గబగబా అడుగులు వంటింటి వైపు నడిచాయి. కుక్కర్ కూత మధ్యలోనే తెగిపోయింది.

సుమిత్ర వంగి టేపు ఆపింది.

"మూడో విజిల్‌కి మీ నాన్నగారు ఏనాడైనా లేచారా?"