వేషాలరాయుడికి మత్తిచ్చాక

బోర్డుల పెయింటర్ ఆసుపత్రి మంచం మీంచి చెయ్యి చాపి గోడని బరబరా గోకుతున్నాడు. గోళ్ళ నిండా సున్నం.

"తుడవండ్రా! అక్షరాలు పాకుతున్నాయి. మంచం మీదికొచ్చేస్తున్నాయి!"

గోడ మీద ఒక్క అక్షరం లేదు.

వార్డంతా గొల్లున నవ్వింది.

నవ్వదూ మరి? నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నవాడు, వచ్చిన పూటే వీల్‌చైర్‌లో నోటితో హారన్ కొట్టుకుంటూ ఊరేగాడు. ఆపరేషన్ బల్ల మీద సూది ఇంకా తగలకముందే కళ్ళు తేలేసి, మత్తు డాక్టర్‌కే చెమటలు పట్టించాడు. వేషాలరాయుడని పేరు ఊరికే రాలేదు.

భార్య ఒక్కతే నవ్వలేదు.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. పడుకోనిస్తే కదా! నెత్తి మీద ట్యూబులైటు. ఎదురు మంచం ఆయన సెల్లులో పాటలు. రెప్ప వాలిందంటే చాలు, బీపీ అని ఒకరు, జ్వరం అని ఇంకొకరు.

ఆపరేషన్‌కి ముందు ఆ మత్తు డాక్టరే చెప్పాడు.

"మత్తుకి నిద్రలేమి తోడైతే, ఈ వయసులో కొందరికి బుర్ర తికమకవుతుందమ్మా. అలా కనిపిస్తే వెంటనే చెప్పండి."

చెప్పింది. చెప్పుల్లేకుండా పరిగెత్తి మరీ చెప్పింది.

"మీ ఆయన సంగతి నాకు తెలీదా? ఒకసారి బోల్తాపడ్డాను, చాల్లేండి." నవ్వుకుంటూ లిఫ్టెక్కేశాడు.

వెనక్కొచ్చేసరికి మంచం పక్కన మరిది. అన్నకి తగ్గ తమ్ముడు.

"అన్నయ్యా, కదలకు! ఒక అక్షరం నీ మెడెక్కింది!" అంటూ వేళ్ళతో చక్కిలిగిలి పెట్టాడు.

పెయింటర్ కెవ్వున అరిచాడు. చేయి విదిలిస్తే సెలైన్ సూది ఊడొచ్చింది. దుప్పటి మీద నెత్తురు.

"అబ్బబ్బ, ఏం యాక్టింగ్ వదినా!"

ఆవిడ మరిది కాలర్ పట్టుకుంది.

"ఇంకోసారి నవ్వావంటే పళ్ళు రాలగొడతా."

"అదికాదొదినా, సరదాకి..."

"నీ సరదా తగలెయ్యా! వణికిపోతున్నాడ్రా మనిషి. మీ అన్న వేషమేసినప్పుడు ఎప్పుడైనా వణికాడా? పో అవతలికి!"

పోయాడు. నర్సు వచ్చి సూది మళ్ళీ పెట్టింది. 

ఆవిడ లైటార్పేసింది. మంచం చుట్టూ కర్టెన్ బర్రున లాగింది.

"చీకటైపోయిందమ్మా మాకు," అన్నాడు ఎదురు మంచం ఆయన.

"కళ్ళు మూసుకో బాబూ, తేడా తెలీదు. ఆ పాట నువ్వాపుతావా, నన్నాపమంటావా?"

పాట ఆగింది.

పెయింటర్ చేతిని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. గోళ్ళలోని సున్నం చీరకొంగుతో తుడిచింది. చాలాసేపటికి ఆ వణుకు తగ్గింది. గురక మొదలైంది.

అప్పుడొచ్చాడు మత్తు డాక్టరు, వెనకాల ఇద్దరు శిష్యులతో.

ఆవిడ కర్టెన్‌కి అడ్డంగా నిలబడింది.

"పడుకున్నాడు."

"ఒకసారి చూడాలమ్మా."

"చూడమన్నప్పుడు లిఫ్టెక్కారుగా! ఇప్పుడాగండి."

శిష్యుడొకడు కిసుక్కుమన్నాడు. డాక్టరు నవ్వలేదు. కర్టెన్ సందులోంచి గోడ మీది గోళ్ళ గీతల్ని చూశాడు.

"లేచాక పిలవండి. వస్తాను," అన్నాడు.

పొద్దువాలుతుండగా పెయింటర్ కళ్ళు తెరిచాడు. గోడ వంక చూశాడు. ఈసారి గోకలేదు. మంచినీళ్ళిస్తే గుటకలు వేశాడు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. మర్యాదగా గ్లాసు తిరిగిచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు?"

ఈసారి వార్డు నవ్వలేదు.

ఎక్కడైనా నవ్వు దాచాడేమోనని ఆవిడ ఆయన మూతి వైపే చూస్తోంది.

"నవ్వు," అంది, పళ్ళు బిగించి. "నవ్వవయ్యా."