నడిరోడ్డు స్టాపు

"పేరు వద్దు, హోదా వద్దు. మీరు ఎక్కే బస్సు నంబరు చెప్పి మాట్లాడండి."

బస్సుల ఆఫీసు సభాహాలు గుమ్మం మీద ఆ బోర్డు ఎప్పటినుంచో ఉంది. మంత్రిగారి బావమరిదైనా, మార్కెట్లో మూటలు మోసేవాడైనా ఆ హాల్లో ఒకటే.

ఆ పొద్దున బజారు రోడ్డు కొత్త ప్లాను మీద ప్రజాభిప్రాయ సభ. రెండువైపులా ఫుట్‌పాత్ కొంత కోసేసి రోడ్డు వెడల్పు చేస్తారట. బస్సు స్టాపు మాత్రం ఎప్పటిలాగే నడిరోడ్డు మీదే ఉంటుంది. దానికి కొత్తగా ఓ రేకుల కప్పు వేస్తారు.

జనం మాట వినడానికే సభ పెట్టారు. ఆఫీసర్లు చెవులు మాత్రం ఇళ్ల దగ్గర వదిలేసి వచ్చారు.

ముందు వరుసలోంచి ఓ ముసలాయన లేచాడు. చేతిలో నల్ల గొడుగు. దాని పిడి విరిగితే పసుపు టేపు చుట్టుకున్నాడు.

"ఏడో నంబరు బస్సండి," అన్నాడు. "స్టాపును ఫుట్‌పాత్ పక్కకి మార్చండి. నడిరోడ్డు మీద దిగినవాళ్లు ఏ పక్కకి రావాలన్నా పరుగెత్తే బళ్ల మధ్యనుంచే రావాలి."

"సిగ్నల్ ఉందిగా పెద్దాయనా," అన్నాడు పెద్ద ఇంజనీరు, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

"ఉంది బాబూ. నేను సగం దాటేలోపే అది బళ్లను వదిలేస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వే సంగతి కాదు. మా వీధిలో ఇద్దరు ముసలివాళ్లు ఆసుపత్రికి వెళ్లడం మానేశారు. రోగం తగ్గి కాదు, రోడ్డు దాటలేక."

వెనకనుంచి, చంకలో పిల్లతో ఒకావిడ లేచింది.

"పన్నెండో నంబరండి. ఆయన చెప్పేది నిజం. పిల్లను ఎత్తుకుని రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని..."

"కూర్చోండమ్మా, అందరికీ అవకాశం వస్తుంది," అన్నాడు ఇంజనీరు. ఆవిడకి మళ్లీ అవకాశం రానేలేదు. "స్టాపు నడిమధ్యన ఉంటే బస్సు తొందరగా పోతుంది పెద్దాయనా. అది అర్థం చేసుకో."

"తొందరగానే పోతుంది. ఆ స్టాపు గీసినవాడు బస్సు గురించే ఆలోచించాడు. దిగే మనిషిని మరిచిపోయాడు. తప్పు చేశాడు."

ఇంజనీరు ఫోను బల్ల మీద పెట్టాడు. గోడ మీది ఫోటో వైపు వేలు చూపించాడు. అందులో ఒత్తైన ఉంగరాల జుట్టుతో, కోరమీసంతో ఓ యువకుడు.

"అది గీసింది ఎవరో తెలుసా? ఆయన! ఈ ఊరి బస్సులకు దారి చూపించిన మహానుభావుడు. ఆయన గీతకే వంక పెట్టే మొనగాడివా? అసలు ఎవరు నువ్వు? ఏం చదివావు?"

ముసలాయన కాసేపు ఆ ఫోటోనే చూశాడు. ఏదో చెప్పబోయి, గుమ్మం మీది బోర్డు గుర్తొచ్చి ఆగాడు.

"ఇక్కడ అది అడగకూడదు కదా బాబూ. ఇంతకీ తమరిది ఏ నంబరు బస్సు?"

"నాకు ఆఫీసు కారుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిజానికి నవ్వాల్సింది ఇక్కడే.

"సభకు అడ్డొస్తున్నాడు, బయటికి పంపించు," అన్నాడు ఇంజనీరు. గార్డు ముసలాయన రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. తర్వాత చేతులెత్తమన్నారు, ఎత్తారు. ప్లాను గెలిచింది.

మధ్యాహ్నం ఇంజనీరు కారు బజారు రోడ్డులో ఆగిపోయింది.

"స్టాపు దగ్గర ఎవరో లారీ కింద పడ్డారట సార్," అన్నాడు డ్రైవరు.

"రోడ్డు దాటడం కూడా చేతకాదు వీళ్లకి. పక్క సందులోంచి పోనీ, భోజనం చల్లారిపోతుంది."

అక్కడ ఒక మనిషి చల్లబడిపోతుంటే ఇతనికి భోజనం చల్లారిపోతుందట!

రెండు నెలల్లో రేకుల కప్పు లేచింది. ప్రారంభోత్సవానికి ఫోటోలోని పెద్దమనిషినే పిలిచి, కప్పుకు ఆయన పేరు పెడదామన్నారు. ఆయన రిటైరై పాతికేళ్లు. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో అన్నాళ్లూ అడిగిన పాపాన పోయినవాడు లేడు. చివరికి చిరునామా వెతికించి, మెరుపు కాగితం మీద అచ్చేయించిన ఆహ్వానంతో పెద్ద ఇంజనీరే స్వయంగా వెళ్లాడు.

రెండు గదుల ఇల్లు. కూతురు తలుపు తీసింది.

"నాన్నగారు ఉన్నారామ్మా?"

"లేరండి. పోయి రెండు నెలలైంది."

"అయ్యయ్యో! మా అందరికీ పెద్దదిక్కు పోయింది. కబురైనా చేయలేదేం తల్లీ!"

కుర్చీలో కూర్చోబోతూ తలుపు మూలకు చూశాడు. అక్కడ నల్ల గొడుగు ఉంది. పిడికి పసుపు టేపు. మొహం చిట్లించాడు.

"ఆ గొడుగాయన ఇక్కడికీ తయారయ్యాడా! వాడి మాటలు నమ్మకమ్మా. నిండు సభలో మీ నాన్నగారి గీతనే తప్పన్నాడు. మేం ఊరుకుంటామా? మెడపట్టి గెంటించాం."

కూతురు ఆహ్వానాన్ని మళ్లీ అతని చేతిలోనే పెట్టింది.

"నా గీత నేనే చెరిపేసి వస్తానమ్మా అని, ఆ గొడుగు పట్టుకుని బయల్దేరారు నాన్న. తిరిగొస్తూ ఏడో నంబరు కోసం రోడ్డు దాటుతుంటే..."

ఇంజనీరు మళ్లీ గొడుగు వైపు చూశాడు.

"తనెవరో ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఎలా చెబుతారండీ?" అందామె. "మీ హాలు గుమ్మం మీద ఆ బోర్డు రాయించింది ఆయనే కదా."