గడప మీద ఇంగ్లీషు

"ఐ గో," అని రైల్వే దొర టోపీ పెట్టుకుని గడప మీద కాలు పెట్టాడు. చప్రాసి నర్సింహులు తలుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"తప్పు దొరా, తప్పు! కూసోండ్రి."

దొరకు తెలుగు రాదు. కానీ నర్సింహులు కుర్చీ చూపించిన తీరుకు కూర్చోక తప్పలేదు. వరండాలో దొర పెట్టెకు తాడు బిగిస్తున్న గుమాస్తా దానియేలు లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా నర్సిమ్మలూ? రైలొచ్చే యాళ్లయింది."

"గో అంటే పోవుడని చెప్పింది నువ్వే గద సారూ?"

"నేనే. అయితే?"

"గడపల నిలబడి పోత అన్నడు దొర. గట్ల అంటరా ఎవరన్న? పోయొస్త అనాలె. మా తాత గిట్లనే పోత అని పోయిండు. ఇప్పటిదాంక జాడ లేదు."

"యాడికి పోయిండు?"

"అదే గద ఎవ్వలకు తెల్వనిది!"

దానియేలు ఆ మాట నేర్పింది ఇందుకు కాదు. రాజోలిలో నర్సింహులు భార్య కిష్టమ్మ ఆడపిల్లను కన్నది. పిల్లను చూసి రావాలి. సెలవు కావాలంటే ఎవరికి వాళ్లే వచ్చి అడగాలని దొర కట్టడి. అందుకే దానియేలు 'గో, వెంట్, గాన్' నేర్పి, దొర ముందు నిలబడి "ఐ గో సర్" అంటే చాలన్నాడు. నర్సింహులుకు మూడూ నోటికి వచ్చాయి. కానీ పుట్టిన బిడ్డను చూడబోతూ పోత అనడానికి నోరు పెగల్లేదు. రోజూ దొర ముందు నిలబడేవాడు. "ఐ..." అనేవాడు. నీళ్లు నమిలి వెనక్కి వచ్చేవాడు.

ఇప్పుడు రైల్వే కొలువు చాలించుకుని దొరే సొంత దేశం పోతున్నాడు. దొర పోతే బంగ్లాకు తాళం. నర్సింహులుకు అడగకుండానే సెలవు. అయినా తలుపు వదలడం లేదు.

దానియేలు ఇంగ్లీషులో సంగతంతా చెప్పాడు. దొర విని, ఏదో జవాబిచ్చాడు.

"మళ్ల రానని తెలిసి వస్తనని ఎట్లంట, అబద్ధమైతది అంటుండు దొర," అన్నాడు దానియేలు.

"ఊకె అనమను సారూ. అన్నందుకు పన్ను కట్టాల్నా?"

"నేను రాకుంటే నీకేంది అంటుండు."

నర్సింహులు తల గోక్కున్నాడు. "నాకేముంటది? ఎవ్వలు పోయినా మళ్ల రావాలె అనుకుంటం. మా దిక్కు గంతే."

దానియేలు అది కూడా చెప్పాడు. దొర టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రైలు కూత వినపడగానే మళ్లీ పెట్టుకుని లేచాడు.

"ఐ గో," అని ఆగాడు దొర. నర్సింహులు చేతులు మళ్లీ లేచాయి. "అండ్ కం."

"బతికించినవ్ దొరా!"

నర్సింహులు పెట్టె నెత్తినెత్తుకుని స్టేషన్ దాకా ఉరికాడు. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీదే ఓ గంతు వేశాడు.

సాయంత్రం బంగ్లా ముందు రాజోలి ఎడ్లబండి ఆగింది. నూలు తీసుకుపోవడానికి గద్వాలకు వచ్చిన బండి అది. బండి బాలస్వామిది. నర్సింహులు ఉతికిన ధోవతి కట్టాడు. పిల్లకు కొన్న గిలక్కాయ మూటలో పెట్టి, తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే టాంగా వచ్చి ఆగింది. దొర దిగాడు. వెనకే పెట్టె దిగింది.

దానియేలు ఎదురు వెళ్లి అడిగాడు. దొర నవ్వుతూ జవాబు చెప్పి, నేరుగా లోపలికి పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏందట సారూ?" అన్నాడు నర్సింహులు.

"ఐ సెడ్ కం, ఐ కేం, అన్నడు. వస్తనన్న, వచ్చిన అని. ఇన్నేండ్లల్ల యాడికి పోయినా మళ్ల రమ్మని ఎవ్వలు అడగలేదట. అవతలి నుంచి వచ్చే రైలు దొరికిన టేషన్ల దిగి, అదెక్కి వచ్చిండు. ఇగ ఈడనే ఉంటడట."

నర్సింహులు చేతిలో మూట జారింది. గిలక్కాయ మోగింది.

"మరి నా సెలవు?"

"దొర ఉన్నడు గద. దొరనే అడుగు. ఒక్క మాట."

"గా మాటనా?"

"గా మాటనే."

"ఓ నర్సిమ్మలూ!" బయట నుంచి బాలస్వామి అరిచాడు. "ఎక్కుతవా, ఎడ్లను ఇడువమంటవా? నీ బిడ్డ పెండ్లీడుకొచ్చేదాంక ఈడనే నిలబడ్తవా?"

నర్సింహులు బండి వైపు చూశాడు. దొర వైపు చూశాడు. మూట తీసి చంకలో పెట్టుకున్నాడు. మనసులోనే కిష్టమ్మకు దండం పెట్టి, లోపలికి పోయి గడప దగ్గర నిలబడి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఐ గో సర్!"

అరుపుకు బయట ఎడ్లు బెదిరాయి. దానియేలు చప్పట్లు కొట్టాడు. నర్సింహులు కళ్లు తెరిచాడు. దొర అప్పటికే కుర్చీలోంచి లేచి, తలుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు.

"తప్పు," అన్నాడు తెలుగులో. "కూసోండ్రి."