చదివించే మొగుడు

“తప్పు! మళ్లీ సదువు.”

దాలమ్మ మళ్లీ చదివింది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. ఎదురుగా ఆమె మొగుడు సోములు కాలు మీద కాలేసుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. పరీక్షాధికారి అంతటి వాడు మరి!

రాజాంలో శైలజ టీచరు తన ఇంటి వరండాలోనే ఆడవాళ్లకు చదువుల సర్కిల్ నడుపుతోంది. వంటపనులు తెముల్చుకుని వచ్చి, చాపల మీద కూర్చుని, గుణింతాలతో కుస్తీ పడుతుంటారు. ఇంటి దగ్గర పేపరు గట్టిగా చదవాలన్నది టీచరు పెట్టిన రూలు. తక్కిన మొగుళ్లు “ఈ వయసులో సదువేటి?” అని సణుగుతుంటే, రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీల మేస్త్రి సోములు మాత్రం భార్య కోసం ఏకంగా పేపరే వేయించాడు. మగాడంటే అలా ఉండాలని సర్కిలంతా మెచ్చుకుంది. మెచ్చుకోలుకేం, ఎంతైనా మెచ్చుకుంటారు. పొద్దున్నే ఆయన ముందు కూర్చోవాల్సింది దాలమ్మ.

“నాను తప్పేటి సదివినాను?” అంది ఉక్రోషంగా.

“ఎదురు సెప్పకు. నిదానంగా, గట్టిగా సదువు. ఎక్కడైనా తప్పు సదివినావని తెలిసిందో, సర్కిలు మానిపించెస్తాను.”

ఆ మాటంటేనే ఆమెకు హడలు. బస్సు బోర్డు సొంతంగా చదువుకుని బొబ్బిలిలో చెల్లెలింటికి వెళ్లిరావడం ఈ మధ్యనే మొదలుపెట్టింది. ఆ సంబరం పోతుందేమోనని పేపరంతా మళ్లీ చదివింది.

సోములు తృప్తిగా లేచాడు. కళ్లజోడు పెట్టుకుని, పేపరు చంకన పెట్టుకుని, ధనరాజ్ టీకొట్టుకు బయల్దేరాడు. అక్కడ మేస్త్రిగారు పేపరు విప్పితే అందరూ మాటలాపేస్తారు. వార్తలు గడగడా అప్పజెప్పి, ప్రభుత్వానికి నాలుగు సలహాలు పారేసి గానీ టీ ముట్టడు.

“ఇనండ్రా! రేపు పాత బస్టాండు దగ్గర కాళ్లకు ఉచిత టీకాలంట!”

మోకాళ్ల నొప్పులతో మూలుగుతున్న ధనరాజ్ తల్లి లక్ష్మణమ్మకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఆటో ఎక్కి వెళ్లి, క్యూలో నిలబడి, తన వంతు రాగానే చీర మోకాలి దాకా ఎత్తి పట్టుకుంది.

డాక్టరు ఆమె చేతులు చూశాడు. చుట్టుపక్కల చూశాడు.

“కోడేదమ్మా?” అన్నాడు.

ఆ వెనకాల బుట్టలతో నిలబడ్డవాళ్లు ఒకటే నవ్వు.

“కోళ్లకు మావా, కోళ్లకు! కాళ్లకు కాదు. ముందు ఆ కళ్లజోడు మార్సు,” అని ధనరాజ్ నలుగురిలో సోములు పరువు గంగలో కలిపేశాడు. టీకొట్టులో ఆ రోజు నవ్వనివాళ్లు లేరు.

మధ్యాహ్నం సోములు పేపరు పట్టుకుని శైలజ టీచరు వరండాలోకి దూసుకొచ్చాడు. ఆ మొహం చూడగానే దాలమ్మ పుస్తకం మూసేసింది. ఈ పూటతో తన చదువు సరి అనుకుంది. టీచరు కూడా లేచి నిలబడింది.

“ఏటి టీచరమ్మా, గుణింతాలు ఇలగేనా సెప్పడం?” అని అరిచాడు సోములు. “దీని నోరు నమ్ముకునే కదా నాను రోజూ టీకొట్టులో పేపరు సదువుతన్నాను!”