హార్కస్ తియ్యని తలుపు

దుంగల కోట తలుపు లోపలినుంచి బిగించి ఉంది. పొగగొట్టంలోంచి పొగ మాత్రం వస్తోంది.

నిపిసిస్ పిడికిళ్ళతో తలుపు బాదింది. పదకొండు రోజులు మంచులో నడిచి వచ్చింది. వీపున ఏడాది పిల్ల. వెనక ముసలి తండ్రి కీసిక్. చలికాలం గడపడానికి పుట్టింటికి వెళ్తే, తండ్రి గుడారాల దగ్గర వేట దొరకలేదు. చివరి నాలుగు రోజులూ తోలు ముక్కలు ఉడకబెట్టుకుని తిన్నారు.

ఆ కోటలో బీవర్ అనే నీటిజంతువుల తోళ్ళు కొనే దొర హార్కస్. సముద్రం అవతల ఆర్క్‌నీ దీవులనుంచి వచ్చినవాడు. నిపిసిస్ మొగుడు.

గోడ మీది కావలి గూటిలోకి హార్కస్ వచ్చాడు. ముఖమంతా ఉన్నిగుడ్డ చుట్టుకున్నాడు. కళ్ళే కనిపిస్తున్నాయి. చేతిలో తుపాకీ.

“ఎందుకొచ్చారు? పొండి!”

“ఇదేం పలకరింపయ్యా? పిల్ల ఆకలికి ఏడవడం కూడా మానేసింది. తలుపు తియ్యి,” అంది నిపిసిస్.

“తియ్యను. మీకు పెట్టడానికి ఇక్కడేం లేదు.”

“అల్లుడూ,” కీసిక్ ముందుకొచ్చాడు. “నేను బయటే పడుంటా. వాళ్ళిద్దర్నీ రానియ్యి.”

“నీ కూతుర్ని నువ్వే తీసుకుపో మామా. తూర్పు సరస్సు దగ్గర మీవాళ్ళున్నారుగా, వాళ్ళు మేపుతారు!”

“పోనీ ఒక్క కంబళి విసురు. పిల్లకి కప్పుతా,” నిపిసిస్ అడిగింది.

“నూలుపోగు కూడా ఇవ్వను.”

నిపిసిస్‌కి ఒళ్ళు మండిపోయింది. “నీ కాలు విరిగినప్పుడు మూడు రోజులు మంచుబండి మీద లాక్కొచ్చింది ఎవరు? చచ్చినా బతికినా నీ దగ్గరే. నేనెక్కడికీ పోను.”

దుంగలు పట్టుకుని గోడ ఎక్కసాగింది.

తుపాకీ పేలింది. గుండు ఆమె తల పక్కనే దుంగలో దిగింది. పిల్ల కెవ్వుమంది.

“ఇంకో అడుగు ఎక్కావో, ఈసారి గురి తప్పదు!” మళ్ళీ మందు కూరుతూ అరిచాడు.

ఆమె దిగింది. కీసిక్ గోడ మీద ఉమ్మేశాడు.

“దిక్కులేని చావు చస్తావురా!”

 వాళ్ళు చెట్ల చాటుకి పోయేదాకా హార్కస్ తుపాకీ దించలేదు.

దారిలో ఉచ్చులకి కుందేళ్ళు పడ్డాయి. ఎలాగో ముగ్గురూ తూర్పు సరస్సు చేరారు. పిల్ల బతికింది. నిపిసిస్ మళ్ళీ మొగుడి పేరెత్తలేదు. ఎవరన్నా అడిగితే, “నా పిల్లకి తండ్రి లేడు” అనేది.

నది మీద మంచు కరిగాక, సరుకుల పడవల్లో వచ్చినవాళ్ళు గొడ్డళ్ళతో ఆ తలుపు పగలగొట్టి చూస్తే, లోపల మశూచికి బలైన పద్నాలుగుమంది కోట పనివాళ్ళ శవాలు, తలుపుకి ఆనుకుని పదిహేనోది హార్కస్‌ది.