వెనక్కి జరిగిన సీటు

షాపు నుంచి తెచ్చిన కొత్త సీటు కవర్లు తొడుగుదామని అతను కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. డ్రైవరు పక్క సీటు బాగా వెనక్కి జరిగి ఉంది. భార్య చూస్తే పొట్టి మనిషి. గుమ్మంలో నిలబడి ఉన్న ఆమెను అడిగాడు.

“నేను లేనప్పుడు కారెక్కిన ఆ పొడుగాయన ఎవరు?”

“ఎవరూ లేరండీ.”

“నా చెవిలో పూలు పెట్టకు. బానెట్ మీద వెంట్రుకంత గీత పడినా పసిగట్టేవాణ్ణి.”

“అక్క ఈ కారులోనే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. కాలు చాపుకోవడానికి సీటు నేనే జరిపాను. నెల నుంచి మోకాలు వంగడం లేదు.”

ఆమె గోడ పట్టుకుని కుంటుతూ లోపలికి వెళ్లింది. ఆ కుంటడం అతను చూడడం ఇదే మొదలు.

అతని మోకాళ్ల కింద కవర్లతో పాటు కొన్న మెత్త ఉంది. చక్రాలు తుడిచేటప్పుడు నొప్పి పుట్టకూడదని కొనుక్కున్నాడు.