కూలి అడగని మనిషి

యాభై రోజుల తర్వాత బెయిలు మీద జైలు నుంచి ఇంటికి వస్తున్న లక్ష్మప్పకు ముందుగా వినపడింది తన మగ్గం చప్పుడే.

వీధి మలుపులోనే ఆగిపోయాడు.

పెళ్లాం హనుమంతమ్మకు నూలు చుట్టడం వచ్చు. నేయడం రాదు. మరి మగ్గం మీద ఎవరు?

గబగబా లోపలికి వెళ్లాడు. మగ్గం గుంటలో, తాను ఇరవై ఏళ్లుగా కూర్చునే చోట, ఎవరో పరాయి మగవాడు. తన ఈడువాడే. తనకన్నా పుష్టిగా ఉన్నాడు.

అతను లక్ష్మప్పను చూసి లేచి నిలబడ్డాడు.

“వచ్చినావా అన్నా?” అన్నాడు, ఎన్నాళ్ల నుంచో తెలిసినవాడిలా.

లక్ష్మప్ప పెళ్లాం వైపు చూశాడు.

“మారెప్పన్న. హొళగుందాయన,” అంది హనుమంతమ్మ. “నువ్వు పోయిన వారానికి వచ్చినాడు. మగ్గం నిలిచిపోతే ఇల్లెట్ల గడుస్తాదమ్మా, నేను నేసిపెడతా అన్నాడు.”

“కూలెంత?”

“అడగలేదు.”

“కూలి అడగనోడు ఇంకేం అడుగుతాడే?”

హనుమంతమ్మ మొహం నల్లబడింది. మారెప్ప తల దించుకున్నాడు.

నిజానికి లక్ష్మప్పను జైలుకు పంపింది ఒకే ఒక్క మాట.

తమ ఊరి ఎమ్మిగనూరు దుప్పట్లు కొనే దూరదేశంలో అధికార పార్టీ మారింది. కొత్తగా వచ్చినవాళ్లు మన బట్ట మీద సుంకం పెంచారు. ఓడ ఎక్కాల్సిన సరుకు గోడౌన్లలో మూలిగింది. “ఆ దేశాన్ని మనోళ్లు ఎందుకు నిలదీయరు?” అని నేతగాళ్ల సభలో లక్ష్మప్ప మైకు పట్టుకుని అడిగాడు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న నాయకుడు స్టేజీ మీదే అతన్ని కౌగిలించుకున్నాడు.

ఎన్నికలొచ్చాయి. ఇక్కడా పార్టీ మారింది. ఆ నాయకుడు అధికారంలోకి వచ్చాడు. సుంకం మాత్రం తగ్గలేదు.

లక్ష్మప్ప అదే మాటను ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంపాడు.

ఈసారి కౌగిలింతకు బదులు పోలీసులొచ్చారు. బజారులో జనాన్ని పోగేసి గొడవకు ఉసిగొల్పాడని కేసు రాశారు. గొడవ జరిగిందన్న రోజు అతను బజారు మొహమే చూడలేదు.

ఇప్పుడు తన గుంటలో పరాయివాణ్ణి చూస్తే మండినంతగా జైల్లో కూడా మండలేదు అతని కడుపు.

మగ్గం దగ్గరికి వెళ్లి బట్టను వేళ్లతో తడిమాడు. ఒక్క పోగు తప్పలేదు. అంచు గీత గీసినట్టుంది. తాను నేస్తే ఇంత నున్నగా రాదు. ఆ సంగతి వేళ్లకు తెలిసిపోయింది.

“మారెప్ప మామ నాకు లెక్కలు కూడా సెప్తాడు నాయనా,” అంది కూతురు మౌనిక సంబరంగా.

లక్ష్మప్ప బట్టను వదిలేసి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

అన్నానికి కూర్చున్నారు. హనుమంతమ్మ రెండు గిన్నెల్లో పప్పు తెచ్చింది.

“రెండెందుకు?”

“మారెప్పన్నకు కారం పడదు.”

లక్ష్మప్ప ముద్ద కలపబోయి ఆగాడు. తన నోటికి ఏది పడుతుందో ఆమె ఏనాడైనా ఇలా వేరే గిన్నెలో పెట్టిందా?

కంచం పక్కకు తోసేశాడు.

“లేయ్,” అన్నాడు మారెప్పతో. “నా గుంటలో కూర్చున్నావు. నా ఇంట్లో తిన్నావు. ఇంకా ఏం మిగిలిందని ఈడున్నావు?”

“అన్నా, ఆయమ్మ నాకు చెల్లెలు...”

“చెల్లెల్ని ఎతుక్కుంటా హొళగుంద నుంచి వచ్చినావా? నిజం సెప్పు. ఎందుకొచ్చినావు?”

మారెప్ప ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మౌనిక కనపడేసరికి ఆ మాట మింగేశాడు. చెయ్యి కడుక్కున్నాడు.

“ఎడం పక్క పోగులు వదులైనాయి. చూసుకో అన్నా,” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

“ఆ మనిషి నేసినన్నాళ్లూ నేను వసారాలోనే కూర్చుని నూలు చుట్టినా. ఒక్కసారైనా మొహం ఎత్తి మాట్లాడలేదు నాతో,” అంది హనుమంతమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

లక్ష్మప్ప నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాడంతే. మగ్గంలో కూర్చున్న ప్రతిసారీ తన బట్టను మారెప్ప నేసిన బట్ట పక్కన పెట్టి చూసుకునేవాడు. చూసుకున్న ప్రతిసారీ మళ్లీ మండేది.

నాలుగు నెలలు గడిచాయి.

ఆదోని నుంచి, తన కేసు చూసే లాయరు ప్రేమలత కబురు పెట్టింది. లక్ష్మప్ప వెళ్లేసరికి ఆమె నవ్వుతూ ఉంది.

“పైకోర్టు నీ కేసు కొట్టేసింది లక్ష్మప్పా. నీ మాట నువ్వు చెప్పుకోవడం నేరం కాదంది.”

లక్ష్మప్ప రెండు చేతులూ జోడించాడు.

“నాకు కాదప్పా, ఒక కానిస్టేబుల్‌కు మొక్కు. నిన్ను బజారులో చూసినట్టు ఆయనతో సాక్షి సంతకం పెట్టించినారు. మర్నాడే ‘నేను చూడలేదు, పెట్టమంటే పెట్టినా’ అని పైవాళ్లకు రాసిచ్చినాడు. ఆ కాగితమే నిన్ను కాపాడింది.”

“ఆయన్ను ఏమీ అనలేదా అమ్మా?”

“అనకుండా ఉంటారా? ముందు సస్పెండ్ చేసినారు. తర్వాత ఉద్యోగమే తీసేసినారు. సంసారంతో సహా బెంగళూరు పక్క కూలికి పోయినాడంట. ఫోను కూడా పలకడం లేదు.”

లక్ష్మప్ప మళ్లీ చేతులు జోడించాడు. “ఒక్కసారి కనపడితే కాళ్లు మొక్కుతానమ్మా.”

ప్రేమలత ఆశ్చర్యపోయింది.

“అదేంది? సస్పెండైన రోజే నీ ఇల్లు యాడని నన్ను అడిగి పోయినాడే! రాలేదా?”

“లేదమ్మా. ఆ తర్వాత పోలీసోళ్లు ఎవరూ మా గడప తొక్కలేదు.”

“పోలీసునని ఏం మొహంతో చెప్పుకుంటాడప్పా?” అంది ప్రేమలత. “‘నా సంతకంతో ఆగిన మగ్గాన్ని నేనే నడపాల’ అన్నాడు, నేతగాళ్ల ఇంట్లో పుట్టినోడే గదా, హొళగుంద మారెప్ప.”